ఓదార్పు వద్దన్న రాహేలు

మా మేనత్త మొన్న బుధవారం పొద్దున పోయింది. పదో తరగతి పిల్లలకు సంధులు చెబుతున్నాను. బల్ల మీద పెట్టిన ఫోను రెండుసార్లు మోగి ఆగింది. మూడోసారి తీశాను. ఊరినుంచి మా తమ్ముడు.

"అక్కా, అత్త పోయింది. డయాలసిస్‌కి కనిగిరి తీసుకెళ్తన్నా. ఆటోలోనే... దారిలోనే పోయింది" అన్నాడు. ఫోనులో ఆటో ఇంజను ఇంకా ఆడుతూనే ఉన్నట్టు చప్పుడు వినపడుతోంది.

ముందు బెంచీలో అమ్మాయి, "ఏమైంది టీచర్?" అని అడిగింది. "మా అత్త" అన్నాను. "మీ అత్తగారా?" అంది పాపం. కాదమ్మా, మేనత్త, మా నాన్నకు అక్క అని చెప్పాను. ఇంకేదో చెప్పాలనిపించింది, చెప్పలేకపోయాను. ఆ చెప్పలేకపోయిందే ఇక్కడ రాస్తున్నాను.

ఆమె పేరు రాహేలు. మా తాతకు చదువు లేదు. కనిగిరి మెట్టలో రైతుల గొర్రెలు కాసేవాడు. బైబిలు వాక్యం చెప్పడానికి ఊరూరా నడిచి తిరిగే ఒక ముసలావిడ మా గుడిసెకు వచ్చి, పదకొండు రోజుల పిల్లను ఒళ్ళో పెట్టుకుని, "దీనికి రాహేలని పెట్టయ్యా. యాకోబు భార్య. గొర్రెలు కాసిన పిల్ల" అందట. మిగతాదేదీ తాత చెవికెక్కలేదు. గొర్రెలు కాసిన పిల్ల అన్న ముక్కకి ఒప్పుకున్నాడు.

బడిలో వేసినప్పుడు అయ్యవారు ఆ పేరు రాయలేదు. "ఈ పేరుంటే రేపు కుల సర్టిఫికెట్టు రాదు, నీ మంచికే చెప్తన్నా" అని రమణమ్మ అని రాశాడు. మావైపు చాలా ఇళ్ళలో ఇది మామూలే. చర్చికి ఒక పేరు, ఆఫీసుకి ఒక పేరు. అత్త రెండేళ్ళు చదివి మానేసింది. రమణమ్మ కొన్ని కాగితాల్లోనే ఉండిపోయింది. ఊరందరికీ ఆమె రాహేలమ్మే.

పెళ్ళయి పన్నెండేళ్ళు ఆమెకు పిల్లల్లేరు. ఆ పాతకాలపు రాహేలుకూ చాలా ఏళ్ళు కడుపు పండలేదని, బిడ్డల్ని ఇవ్వకపోతే చస్తానని మొగుడితో పోట్లాడిందని మాకు ఆదివారం బడిలో చెప్పేవాళ్ళు. మా అత్త ఎవరితోనూ పోట్లాడలేదు. ఆమె అత్తగారు కొడుక్కి రెండో సంబంధం చూస్తే మా మామయ్యే అడ్డం తిరిగాడు. "ఉన్న ఒక్కదానికే కడుపునిండా పెట్టలేక చస్తన్నా, ఇంకోదాన్ని తెచ్చి ఎక్కడ పడుకోబెడతావే" అని తల్లి మీద కేకలేశాడట. పదమూడో ఏట కూతురు పుట్టింది, నాకు వదిన. నాకంటే రెండేళ్ళు పెద్దది. వదినకు ఆరేళ్ళప్పుడు మామయ్య కిడ్నీలు చెడిపోయి చనిపోయాడు. మా ఊరి ఫ్లోరైడు బోరు నీళ్ళు తాగినవాళ్ళలో చాలామంది పోయింది అలాగే. అత్త కూడా.

మామయ్య పోయిన తర్వాత అత్త ఏటా చలికాలం చివర గుంటూరు వైపు మిరప కోతలకు వెళ్ళేది. మా మెట్టలో ఆ రోజుల్లో పని ఉండదు. ఊళ్ళో ఆడవాళ్ళు పాతికమంది దాకా ఒక జట్టుగా కదిలేవాళ్ళు. చేల గట్ల మీద టార్పాలిన్ పట్టాలతో గుడారాలు కట్టుకుని రెండు నెలలుండేవాళ్ళు. తెల్లారగానే రైతు ట్రాక్టరు పంపిస్తే, దాని వెనక తగిలించిన ట్రక్కులో నిలబడి చేలకు వెళ్ళాలి. వదిన ఇంటర్ అయిపోయి, నర్సు ట్రైనింగుకు అప్లికేషన్ పెట్టి ఎదురుచూస్తున్న ఏడాది తల్లితో పాటు తానూ కోతకు వెళ్ళింది. పంతొమ్మిదేళ్ళు. పొడుగ్గా ఉండేది. నా జడ తనే వేసేది. గట్టిగా లాగి వేస్తుందని నేను ఏడ్చేదాన్ని.

ఆ పొద్దున ఏం జరిగిందో అత్త నాకు ఒక్కసారే చెప్పింది. ట్రాక్టరు వచ్చేసరికి ఆమె పొయ్యి దగ్గర ఇంకా కూర గిన్నె దించలేదు. "నువ్వు ముందు ఎక్కి పో, నేను రెండో ట్రిప్పులో వస్తా" అని కూతురితో అంది. వదిన, "అన్నం నాకు కూడా పట్రా అమ్మా, మర్చిపోయేవు" అంటూ ఎక్కింది. కాలువ కట్ట మీద మలుపు తిరిగేటప్పుడు ట్రాక్టరుకి ట్రక్కుని కలిపే పిన్ను జారిపోయింది. ట్రక్కు కాలువలోకి తిరగబడింది. కాలువలో పెద్దగా నీళ్ళు కూడా లేవు. ట్రక్కు కిందపడి నలుగురు చనిపోయారు. అత్త రెండో ట్రిప్పు కోసం టిఫిను క్యారియరు పట్టుకుని రోడ్డు మీద నిలబడి ఉంది. ట్రాక్టరు రాలేదు. ఒక మోటారు సైకిలు వచ్చింది.

నేను ఒంగోలు హాస్టలు నుంచి ఇంటికి చేరేసరికి సమాధి కార్యక్రమం అయిపోయింది. అత్త గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మా చర్చి పాస్టరుగారు పెద్దాయన, మనసున్నవాడు, మా అందరికీ బాప్తిస్మం ఇచ్చిన మనిషి. ఆయన కుర్చీ వద్దని అత్త ఎదురుగా నేల మీద కూర్చుని, "అమ్మా, దేవుడు తన తోటలోకి మంచి పువ్వునే కోసుకుంటాడు. ఆయన చిత్తం. మనం ఏడవకూడదు" అన్నాడు.

అత్త తల ఎత్తింది. "దేవుడు కోసుకోలా అయ్యగారూ. ట్రక్కు తిరగబడింది. ఆ పిన్ను అరిగిపోయింది, మార్పియ్యయ్యా అని మూడ్రోజుల నుంచి ఆ రైతుకి చెప్తానే ఉన్నాం. ఆయన మార్పియ్యలా. ఆయన చెయ్యని పని తెచ్చి దేవుడి మీదకి తొయ్యబాకండి."

మా నాయనమ్మ, "తప్పే, అయ్యగారితో అట్టా మాట్లాడబాకే" అంటూ నోరు నొక్కుకుంది. అత్త ఆగలేదు. "రేపు ఆదరణ కూడిక పెట్టబాకండి. నన్ను ఎవరూ ఆదరించబాకండి. నాకు ఆదరణ వద్దు" అంది.

మావాళ్ళలో చావు జరిగిన మూడో రోజున బంధువులంతా కూడి, పాటలు పాడి, ఇంటివాళ్ళకు ధైర్యం చెప్పి భోజనాలు చేస్తారు. దాన్నే ఆదరణ కూడిక అంటారు. వద్దన్నవాళ్ళను మేమెవరమూ అంతకుముందు చూడలేదు. మనిషికి మతి చెడిందన్నారు. విశ్వాసం లేదన్నారు. దుఃఖాన్ని పట్టుకుని వేలాడుతోంది, పొగరన్నారు. పదిరోజులు ఆమె ఎవరు కదిపినా ఒకటే మాట: "వద్దు. ఏడవనియ్యండి."

పదో రోజు సాయంత్రం పాస్టరుగారు ఒక్కడే మళ్ళీ వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. ఈసారి ఆయన కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

"నిన్ను చూసి పోయినకాడ నుంచి నాకు నిద్ర పట్టలేదమ్మా" అన్నాడు. "నీ పేరు పెట్టుకున్న తల్లి గురించి వాక్యంలో ఒక మాటుంది. ఇన్నేళ్ళు ప్రసంగాలు చేసి, నీ ముందు కూర్చుని, అది మర్చిపోయా. తన పిల్లలు లేరని ఆ రాహేలు ఏడ్చింది. ఓదార్పు వద్దంది. దేవుడు ఆమెని తప్పు పట్టలా. ఆమె ఏడుపు విన్నాడు. తప్పు నాది. నన్ను క్షమించు."

అప్పుడు అత్త అడిగింది. "ఆ తల్లి ఎట్టా పోయింది అయ్యగారూ?"

"దారిలో పోయిందమ్మా. ప్రయాణంలో కాన్పు వచ్చి. అక్కడే దారి పక్కన సమాధి చేశారు."

"మరి పిల్లల కోసం ఏడ్చింది ఎప్పుడు?"

"చచ్చిపోయిన చాలా కాలానికి. సమాధిలో నుంచి ఏడ్చినట్టు రాశారు."

అత్త తల ఊపింది. "నిజమే అయ్యుంటది" అంది. ఆ తర్వాత పాస్టరుగారు ప్రార్థన కూడా చెయ్యలేదు. మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు. ఆయన గొప్పతనం నాకు పెద్దయ్యాకే అర్థమయింది. క్షమాపణ అడగడానికి ఆరు మైళ్ళు సైకిలు తొక్కుకుంటూ వచ్చే పెద్దవాళ్ళను తర్వాత నేను ఎక్కువమందిని చూడలేదు.

నష్టపరిహారం ఆఫీసులో మళ్ళీ పేరే అడ్డం వచ్చింది. వదిన సర్టిఫికెట్లలో తల్లి పేరు రమణమ్మ. రేషను కార్డులో రాహేలు. గుమాస్తా రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, "ఎవరమ్మా తల్లి? ఇద్దరున్నారే" అన్నాడు. హేళనగా అనలేదు, విసుగ్గా అన్నాడు. అత్త వెంట మా నాన్న, నేను ఉన్నాం. అత్త నెమ్మదిగా చెప్పింది. "కన్నదీ ఏడ్చేదీ రాహేలు బాబూ. సంతకం పెట్టడానికి రమణమ్మ వచ్చిందని రాసుకో." ఆయన కాసేపు ఆమెను చూసి, కుర్చీ చూపించాడు. అయినా ఏడాదిన్నర తిప్పారు.

నేను డిగ్రీలో ఉండగా కాలేజీ లైబ్రరీలో ఒక పుస్తకం తిరగేస్తుంటే ఆ పేరుకు అర్థం కనిపించింది. సెలవులకు ఇంటికి వెళ్ళి, పత్తికట్టెలు విరిచి మోపు కడుతున్న అత్త దగ్గర కూర్చుని గొప్పగా చెప్పాను. "అత్తా, నీ పేరుకి హీబ్రూలో అర్థం ఏంటో తెలుసా? ఆడ గొర్రె!"

వదిన పోయాక ఆమె నవ్వడం అదే మొదటిసారి చూశాను. "తెలిసే పెట్టిందన్నమాట ఆ ముసల్ది!" అంది. కట్టెలు విరుస్తూ నవ్వుతూనే ఉంది. ఉన్నట్టుండి ఆగిపోయింది.

"గొర్రె సంగతి నాకు తెలుసే. మా అయ్యతో చిన్నప్పుడు కాశా. వంద పిల్లలున్నా దాని పిల్లని వాసన చూసి పట్టుకుంటది. పిల్ల చస్తే, చచ్చిన చోటికి వచ్చి అరుస్తది. ఒక రోజు, రెండ్రోజులు. మూడో రోజు కూడా వచ్చుద్ది. నాలుగో రోజు మందతో మేతకి పోద్ది." మోపు బిగించి ముడి వేసింది. "నేను గొర్రెని కూడా కాలేకపోయా."

నేను లేచి కట్టెలు అందించడం మొదలుపెట్టాను.

కానీ మేతకు వెళ్ళింది. రెండేళ్ళు కోత పేరెత్తని మనిషి మూడో ఏడు మళ్ళీ జట్టుతో కోతకు బయల్దేరింది. ఎవరూ నమ్మలేదు. అక్కడ ఆమె రోజూ పొద్దున చేసే పని ఒకటుండేదని ఆ జట్టులో ఉన్న మా అమ్మ చెప్పింది. ట్రాక్టరు రాగానే అత్త వెనక్కి వెళ్ళి, ట్రక్కు తగిలించిన చోట వంగి, పిన్నుని చేత్తో కదిపి చూసేది. దానికి అడ్డంగా కట్టిన తీగ కూడా లాగి చూసేది. ఆమె "ఎక్కండే" అనేదాకా ఒక్క ఆడమనిషి కూడా కాలు పైకెత్తేది కాదు. ఒక రైతుకు కోపం వచ్చి, "ఏందమ్మా రోజూ ఈ తనిఖీ? ఇంజినీరింగు చదివావా?" అన్నాడట. "చదవలేదయ్యా. ఒక పిల్లని పోగొట్టుకున్నా" అంది అత్త. ఆ రైతు మర్నాడు కొత్త పిన్ను వేయించాడు. వేయించనివాళ్ళూ ఉన్నారు. అలాంటి చేలకు జట్టు నడిచి వెళ్ళింది, గంటన్నర నడక అయినా సరే.

ప్రమాదాలు ఆగలేదు. మా జట్టులో కాకపోతే ఇంకో జట్టులో. దర్శి పక్కనో, ఇంకా అవతలో, ఏ ఊళ్ళోనో ఒక తల్లికి కబురు వచ్చేది. అత్త విన్న రోజే బస్సెక్కేది. పిలుపూ లేదు, చుట్టరికమూ లేదు. వెళ్ళి ఆ తల్లి పక్కన కూర్చునేది. ఏడవొద్దని అనేది కాదు. ఎవరైనా అంటే, "ఏడుపుకి అడ్డం రాబాకండే" అని కసిరేది. కాసేపయ్యాక, "నీ పిల్ల పేరేంది?" అని అడిగేది. "ఏ కూరంటే ఇష్టంగా తినేది?" అని అడిగేది. ఆ తల్లులు చెప్పడం మొదలుపెడితే పొద్దుగూకేదాకా చెప్పేవాళ్ళట. అత్త వింటూ కూర్చునేది. వాళ్ళలో మా కులం కానివాళ్ళు ఉన్నారు, హిందువులున్నారు, ఒక ముస్లిం తల్లి కూడా ఉంది. ఆ తల్లికి అత్త పేరు చెప్పగానే, మాకూ ఆ పేరు తెలుసు, యాకూబ్ నబీ ఇంటావిడ గదా అందట. అత్త ఊరికి వచ్చి దాన్ని పదిమందికి చెప్పుకుంది.

నా దగ్గరికి కూడా వచ్చింది. ఎనిమిదేళ్ళ కింద నాకు ఏడో నెలలో కడుపులోనే బిడ్డ పోయింది. గుంటూరులో ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక చూడవచ్చిన ప్రతివాళ్ళూ ఒకటే మాట అన్నారు: "చిన్నదానివి, మళ్ళీ పుడతార్లే." నా భర్త కూడా అదే అన్నాడు. ఆయనకూ ఏమనాలో తెలియదు పాపం. నేను కూడా అందరికీ తల ఊపాను. ఏడుపు రాలేదు. స్కూలుకు ఎప్పుడు వెళ్ళాలా అని లెక్కలు వేసుకుంటున్నాను.

అత్త కనిగిరి నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. అప్పటికే ఆమె మోకాళ్ళు వంగిపోయాయి, మెట్లు ఎక్కలేక ఒక్కొక్క మెట్టు మీదా కూర్చుంటూ రెండో అంతస్తుకు వచ్చింది. మంచం పక్కన నేల మీద చతికిలబడి, నీళ్ళు తాగి, "ఆడపిల్లా, మగపిల్లోడా?" అంది.

అంతవరకూ ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. డాక్టరు కాగితం మీద రాసింది, అంతే.

"ఆడపిల్ల అత్తా" అన్నాను.

"ఏం పేరు అనుకున్నావే?"

అనుకున్న మాట నిజమే. ఎవరికీ చెప్పలేదు. ఆయనకు కూడా. అత్తకు చెప్పాను. ఆమె ఆ పేరును ఒకసారి పైకి పలికింది, ఒక పిల్లను వీధిలో నుంచి ఇంట్లోకి పిలుస్తున్నట్టు. "బాగుంది. పేరున్నాక మనిషేనే. లేకుండా ఎట్టా పోద్ది" అంది. అప్పుడు ఏడ్చాను. ఆమె నన్ను పట్టుకోలేదు. నా వీపు నిమరలేదు. నేల మీద అలాగే కూర్చుంది. ఆ రోజూ మర్నాడూ నేను ఏడుస్తూనే ఉన్నాను, ఆమె కూర్చునే ఉంది. మూడోరోజు పొద్దున టమాటా పప్పు వండి పెట్టి బస్సుకు వెళ్ళిపోయింది. ఆ పేరు ఇక్కడ రాయను. కానీ అది ఈ లోకంలో ఒకసారి నోరారా పలకబడింది, మా అత్త గొంతుతో.

చివరి మూడేళ్ళు అత్తకు డయాలసిస్ మిషను మీదే గడిచింది. వారానికి రెండుసార్లు తమ్ముడు తీసుకెళ్ళేవాడు. సన్నబడి, చేతి నరాలు ఉబ్బి, ముఖం నల్లబడింది. ఏ నీళ్ళూ దాహం తీరా తాగడానికి లేదు. పోయిన దసరాకు వెళ్ళినప్పుడు నేను, "కాస్త తగ్గింది కదత్తా" అన్నాను. ఆమె నన్ను చూసి, "నువ్వు కూడానా?" అంది. సిగ్గుపడ్డాను. ఆ తర్వాత ఆమె దగ్గర ఆ రకం మాటలు మాట్లాడలేదు. బాగా లేదని ఇద్దరికీ తెలుసు. తెలిసే పక్కపక్కన కూర్చున్నాం.

బుధవారం మధ్యాహ్నానికి ఊరు చేరాను. తమ్ముడు వాకిట్లో నిలబడి ఉన్నాడు. "అక్కా, పంచాయతీ వాళ్ళు రమణమ్మ అని రాసుకున్నారు. శిలువ మీద ఏం రాయించమంటావు?" అన్నాడు. రాహేలు అని రాయించమన్నాను. కింద వదిన పేరు రాసి, ఆమె తల్లి అని కూడా రాయించమన్నాను. పెయింటరు స్థలం చాలదన్నాడట. అక్షరాలు చిన్నవి చెయ్యమని చెప్పాం.

పెట్టెను పొలిమేరకు తీసుకెళ్ళేసరికి ఎండ ఇంకా తగ్గలేదు. పాత పాస్టరుగారు పోయి చాలాకాలమయింది. కొత్తాయన చిన్నవాడు, అత్త సంగతి విన్నవాడే, ప్రార్థన తొందరగా ముగించాడు. పెట్టెను దించుతుంటే రోడ్డు మీద మూడు ఆటోలు ఆగాయి. దర్శి వైపు చేలలో మిరప కోత సగంలో ఆపి వచ్చిన ఆడవాళ్ళు దిగారు. తలపాగాలు తియ్యలేదు, చీరల మీద తొడుక్కున్న మగవాళ్ళ చొక్కాలు తియ్యలేదు. కొందరు మా ఊరివాళ్ళు. మిగతా ముఖాలు నేనెరగను. అత్త ఎప్పుడో వాళ్ళ ఇళ్ళలో నేల మీద కూర్చుని వచ్చి ఉంటుంది.

వాళ్ళు గుంత చుట్టూ నిలబడి ఏడవడం మొదలుపెట్టారు. నా పక్కన ఒకావిడకు కన్నీళ్ళు గడ్డం మీదుగా మెడలోకి కారుతున్నాయి, ఆమె తుడుచుకోవడం లేదు. నా చెంగుతో తుడవబోయాను. ఆమె చటుక్కున తల వెనక్కి తీసుకుంది.

"వద్దమ్మా. ముఖమంతా మిరప ఘాటే. తుడిస్తే కళ్ళల్లోకి పోద్ది. కారనీ" అంది.

అప్పుడు చూశాను. పాతికమంది ఆడవాళ్ళు, ఎర్రబడ్డ చేతుల్ని ఒంటికి తగలకుండా ఎడంగా పట్టుకుని, ఎవరూ ఎవరి కళ్ళూ తుడవకుండా, మట్టి పడుతున్నంతసేపూ అలాగే నిలబడి ఉన్నారు.